సామాన్య ప్రేక్షకుని మాట విమర్శ కాదా? అద్భుత, విజ్ఞాన కల్పనా చిత్రాలపై అభిప్రాయాలు – మన పరిశోధన ఉపేక్ష

తెలుగు శాఖల్లో సినిమా మీద పరిశోధన కొత్త విషయం కాదు. సినిమా పాట మీద పైడిపాల చేసిన కృషిని అందరూ ఎరుగుదురు. సంభాషణల మీద, నవలా చిత్రాల మీద, పౌరాణిక చిత్రాల మూలాల మీద, రచయితల జీవితాల మీద సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి; వస్తూనే ఉన్నాయి. వాటిలో కవి ఉంటాడు, దర్శకుడు ఉంటాడు, నటుడు ఉంటాడు, సమాజం అనే పెద్ద మాట కూడా ఉంటుంది. చూసినవాడు మాత్రం ఉండడు. ఉన్నా ‘ఈ చిత్రం విశేష ప్రేక్షకాదరణ పొందింది’ అన్న ఒక్క వాక్యంలో ఉంటాడు. ఆ ఆదరణలో ఏమున్నది, ఆ మనిషి హాలు నుంచి బయటికి వచ్చి ఏ మాట అన్నాడు, ఆ మాటకు అర్థం ఏమిటి అన్నది మన పరిశోధనకు ఇంతవరకు ప్రశ్నగా తోచలేదు.

ఇక్కడ నా దృష్టిలో ఉన్నది అభిమాని కాదు. అభిమానిని పరిశోధకులు పట్టించుకున్నారు. ఎస్.వి. శ్రీనివాస్ 2009లో ప్రకటించిన ‘మెగాస్టార్’ గ్రంథం చిరంజీవి అభిమానుల ప్రవర్తనను లోతుగా పరిశీలించింది. వృత్తి సమీక్షకుని సంగతీ వేరు. అతని రాత అచ్చులో ఉంటుంది కాబట్టి ఉటంకింపుకు పనికివస్తుంది. మిగిలినవాడు ఒకడున్నాడు. ఏ సంఘంలోనూ చేరడు. వీలు చిక్కినప్పుడు సినిమాకు వెళ్తాడు, ఎవరింట్లోనో టీవీలో ఒక భాగం చూస్తాడు, చూసి ఒక మాట అంటాడు, మరునాడు తన పనిలో పడతాడు. హాలు నిండేది ఇతనితోనే. ఇతని మాటకు మాత్రం మన గ్రంథాల్లో చోటు లేదు.

చోటు లేకపోవడం యాదృచ్ఛికం కాదు. కొన్నాళ్ళ క్రితం ఒక మౌఖిక పరీక్షలో ఒక పరిశోధక విద్యార్థి తన ఊరివాళ్ళు ఒక సినిమా గురించి అన్న మాటలను అధ్యాయంగా కూర్చి తెచ్చాడు. ఆ అధ్యాయాన్ని తొలగించమన్నారు. టీకొట్టు మాటలు ప్రమాణాలు కావన్నారు. మరొక సందర్భంలో అటువంటి సామగ్రినే ప్రశ్నావళిగా మార్చి, ‘నూటికి ఇంతమంది బాగుందన్నారు’ అని పట్టిక వేయమన్నారు. విద్యార్థి వేశాడు, పట్టం వచ్చింది. మొదటివారు ఆ మాటను బయటికి గెంటారు; రెండవవారు లోపలికి రానిచ్చి నోరు నొక్కారు. ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ హాని చేస్తుందని నా అభిప్రాయం. గెంటివేసిన మాట ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది. శాతంగా మారిన మాట ఇక మాటే కాదు.

సామాన్య ప్రేక్షకుని అభిప్రాయం పూర్తిస్థాయి మౌఖిక విమర్శ, దానికి తనదైన పరిభాష ఉన్నది, తనదైన న్యాయం ఉన్నది, తెలుగు శాఖ చదవవలసిన పాఠం అది అన్నది నా వాదం. ఈ వాదాన్ని పరీక్షకు పెట్టడానికి విజ్ఞాన కల్పనను, దానికి దగ్గరి చుట్టమైన అద్భుత చిత్రాన్ని ఎంచుకున్నాను. ఎందుకంటే సామాన్యుడు ‘ఏదైనా నమ్మేస్తాడు’ అన్న అపవాదు అక్కడే గట్టిగా వినిపిస్తుంది. (ప్రేక్షకుడు అన్న పుంలింగ పదాన్ని అలవాటు కొద్దీ వాడుతున్నాను. ఆ అలవాటులో ఉన్న చిక్కును తరువాత ప్రస్తావిస్తాను.)

ఉదాహరణలకు కొల్లిపర, తెనాలి ప్రాంతాన్ని తీసుకుంటున్నాను. కృష్ణా పశ్చిమ డెల్టాలో నదికి దగ్గరగా పసుపు, కంద, అరటి పండించే నేల ఇది. పెద్ద సినిమా అంటే తెనాలి వెళ్ళాలి. సాయంత్రం ఆటకు వెళ్ళి రాత్రికి తిరిగి రాగలిగినంత దూరం. ఈ చుట్టుపక్కల ఊళ్ళు సినిమాకు ఎందరిని ఇచ్చాయో చెప్పుకోవడం మనకు ఇష్టం: చిర్రావూరు సావిత్రి, బుర్రిపాలెం కృష్ణ, మోరంపూడి జగ్గయ్య, రావికంపాడు గుమ్మడి, తెనాలి శారద, చక్రపాణి. సన్మాన సంచికల్లో ఈ జాబితా ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు. ఇంతమందిని చూసి, తూచి, మెచ్చి, తిప్పికొట్టిన జనం గురించి ఆ సంచికల్లో ఒక్క పేజీ వెతికి చూడండి.

శాస్త్రం ఏమంటున్నది

ప్రేక్షకుని మాటను ప్రమాణంగా తీసుకోవడం పాశ్చాత్యుల నుంచి తెచ్చుకున్న కొత్త మోజు అని కొందరు పెద్దల భావన. నాట్యశాస్త్రం 27వ అధ్యాయాన్ని వారు మరొకసారి తిరగవేయాలని మనవి. సిద్ధులను వివరించే ఆ అధ్యాయంలో భరతుడు ప్రయోగం ఫలించిందా లేదా అన్నదానికి గుర్తులుగా చెప్పినవి ప్రేక్షకుల నోటినుంచి, శరీరం నుంచి వచ్చే స్పందనలే. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనడం, ‘అహో’ అనడం, ‘కష్టం’ అనడం, గగుర్పాటు, లేచి నిలబడటం, వస్త్రాలు విసరడం – వీటిని వర్గీకరించి పేర్లు పెట్టాడు. ఇంకా ముఖ్యమైనది, ఉత్తమ ప్రేక్షకుని లక్షణాలన్నీ చెప్పిన తరువాత అవన్నీ ఒక్క మనిషిలో ఉండవని తానే అంగీకరించాడు. యువకులకు శృంగారం, శూరులకు యుద్ధం, వృద్ధులకు పురాణం, పిల్లలకూ చదువురానివారికీ హాస్యం, వేషం ప్రీతి కలిగిస్తాయని ఎవరి రుచిని వారికి వదిలిపెట్టాడు. దీన్ని చదివిన మనం ‘సహృదయుడు’ అన్న ఒక్క మాటను పట్టుకుని, మిగిలిన సభనంతా బయట నిలబెట్టాం.

తెనాలి ప్రాంతపు పద్యనాటకం చూసినవారికి ఈ అధ్యాయం పాఠ్యగ్రంథంలా కాక కళ్ళెదుట జరిగినదానిలా తోస్తుంది. ‘వన్స్ మోర్’ అన్న కేక భరతుని ‘సాధు’కు ఆంగ్ల వేషం. ఆ కేక పడితే పద్యాన్ని నటుడు మళ్ళీ ఎత్తుకోవలసిందే. ఏ పద్యానికి పడింది, ఏ రాగానికి పడింది, ఎవరికి పడలేదు అన్నది రాసిపెట్టుకున్నవారు లేరు. రాసిపెట్టుకుని ఉంటే తెలుగు రంగస్థల విమర్శ చరిత్ర ఇవాళ మరోలా ఉండేది. రంగస్థలం మీద మనం చేజార్చుకున్నదాన్నే సినిమా విషయంలోనూ చేజార్చుకుంటున్నాం.

అభిప్రాయపు భాష

ఇక పరిభాష సంగతి. సినిమా చూసి వచ్చినవారి నోట వినిపించే మాటలు చాలావరకు స్థిరపడిన పదబంధాలు. ‘ఒకసారి చూడొచ్చు’, ‘పర్లేదు’, ‘నాకు ఎక్కలేదు’, ‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశాడు’, ‘కథ లేదు’, ‘చప్పగా ఉంది’, ‘లాజిక్ వెతకకూడదు’. స్థిరపడిన పదబంధం కనిపించగానే మన విమర్శకులు దాన్ని ఆలోచన లేమికి గుర్తుగా లెక్కిస్తారు. జానపద గేయంలో పునరావృత పదబంధం కనిపిస్తే మాత్రం అదే విమర్శకులు దాన్ని మౌఖిక సంప్రదాయ లక్షణం అని గౌరవిస్తారు. ఈ ద్వంద్వ నీతి ఎందుకో నాకు తెలియదు.

‘నాకు ఎక్కలేదు’ అన్న వాక్యాన్ని చూడండి. ఇందులో కర్త సినిమా. చూసినవాడు చతుర్థిలో ఉన్నాడు. మనకు చదువు ఎక్కుతుంది లేదా ఎక్కదు, కల్లు ఎక్కుతుంది, పాఠం బుర్రకెక్కుతుంది. ఎక్కవలసిన బాధ్యత వస్తువుది, మనిషిది కాదు. స్టూవర్ట్ హాల్ 1970లలో ప్రతిపాదించిన సంకేతీకరణ, సంకేత విచ్ఛేదన సిద్ధాంతంలో ప్రేక్షకుడు పని చేస్తాడు, సంకేతాన్ని విప్పుతాడు. తెలుగు ప్రేక్షకుని వ్యాకరణంలో పని చేయవలసినది సినిమా. ఇవి రెండు వేర్వేరు ఆదాన సిద్ధాంతాలు. ఒకటి బర్మింగ్‌హామ్‌లో పుట్టింది, మనం దాన్ని ప్రతి సిద్ధాంత గ్రంథం రెండవ అధ్యాయంలోనూ ఉటంకిస్తాం. రెండవది మన పక్కింట్లో ఉన్నది.

‘ఒకసారి చూడొచ్చు’ అన్నది పైకి మెప్పులా వినిపించే మాట. అందులో అసలు పదం ‘ఒకసారి’. రెండవసారి అక్కరలేదని దాని తాత్పర్యం. సినిమాను తూచడానికి వాడిన కొలత ఇక్కడ పూట కూలి, బస్సు చార్జీ, ఆట వదిలాక ఇంటికి చేరే వేళ. రసానుభవానికి ధర కట్టడం నీచమని అలంకారికులు అనవచ్చు గాని, ధర కట్టి చెప్పిన తీర్పు కట్టకుండా చెప్పినదానికంటే జాగ్రత్తగా చెప్పినదై ఉంటుంది. సభలో మొదటి వరుసలో ఆహ్వానితునిగా కూర్చుని చూసినవారు సినిమాను మెచ్చుకోవడం తేలిక.

‘చప్పగా ఉంది’ అన్నదాన్ని గురించి ఒక్క మాట చాలు. రసం అన్న శాస్త్ర పదమే వంటింటి మాట. నానా వ్యంజనాలతో కూడిన అన్నాన్ని తిని సంతోషించేవారితో పోల్చి భరతుడు రసాన్ని వివరించాడు. ‘చప్పన’ ఆ ఉపమానపు రెండవ అంచు. ఒకటి శాస్త్ర పరిభాషగా నిలిచి రెండవది గ్రామ్యంగా మిగలడానికి కారణం భాషలో లేదు.

‘లాజిక్ వెతకకూడదు’ అన్నది ఇంకా ఆసక్తికరమైనది. సామాన్య ప్రేక్షకుడు బుద్ధిని గుమ్మం బయట వదిలి వెళ్తాడనడానికి పండితులు దీన్నే సాక్ష్యంగా చూపుతారు. ఈ మాట ఏ సినిమా గురించి అంటారో గమనించారా? ‘మాయాబజార్’ గురించి ఎవరూ అనరు. మనిషి కొండంత పెరిగినా, ఒక రాక్షసుడు వధువు రూపంలో పెళ్ళిపీటల మీద కూర్చున్నా ఆ సినిమాకు ఈ మాట అవసరం రాలేదు. తర్కం తప్పిందని చూసేవాడికి స్పష్టంగా తెలిసిన సినిమాకే ఈ మాట వాడతారు. తప్పు కనిపించింది, అయినా ఇంటిల్లిపాది వెళ్ళి చూశాం కాబట్టి పోనిద్దాం అన్న దయ అందులో ఉన్నది. ఇది మర్యాదగా చేసిన అధిక్షేపం. వ్యాజస్తుతిని పాఠం చెప్పే మనకు దాన్ని గుర్తుపట్టడం ఇంత కష్టం కాకూడదు.

అద్భుతంలో న్యాయం

‘మాయాబజార్’ (1957) మొదట్లో ద్వారకకు రెండు కానుకలు వస్తాయి. ఒకటి ప్రియదర్శిని: మూత తెరిచి చూసినవారికి వారి మనసుకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. రెండవది సత్యపీఠం: దానిమీద నిలబడినవారు మనసులోని నిజం కక్కేస్తారు. రెండూ అసంభవమైనవే. కాని వాటి నియమం ఒకసారి ప్రకటించిన తరువాత సినిమా దాన్ని తప్పలేదు. చివర పెళ్ళిసభలో శకుని ఆ పీఠం మీదికి ఎక్కినప్పుడు జనం నవ్వేది, అతడు మాట్లాడకముందే ఏం జరుగుతుందో తమకు తెలుసు కనుక. నియమాన్ని గుర్తుపెట్టుకున్న ప్రేక్షకుడే ఆ నవ్వు నవ్వగలడు. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు ఆ జ్ఞాపకం మీద అంత నమ్మకం పెట్టుకున్నారు. మన విమర్శకు ఆ నమ్మకం లేదు.

ప్రియదర్శిని గురించి మరొక మాట ఊళ్ళలో తరచు వింటాం. అది ఇప్పటి ల్యాప్‌టాప్ లాంటిదే అంటారు. వీడియో కాల్ లాంటిదే అంటారు. దీన్ని వినగానే పండితులు రెండు పక్షాలుగా చీలిపోతారు. ఒక పక్షం, పామరుడు సినిమాను చరిత్ర అనుకుంటున్నాడని పెదవి విరుస్తుంది. మరొక పక్షం, పూర్వీకులకు అన్నీ తెలుసునని ఆ పామరుడే సాక్ష్యమిస్తున్నాడని పొంగిపోతుంది. ఇద్దరూ వాక్యాన్ని సరిగా వినలేదు. ‘లాంటిదే’ ఉపమావాచకం. ఉపమేయం ప్రియదర్శిని, ఉపమానం ల్యాప్‌టాప్, దూరంలో ఉన్నవారిని మూత తెరిచి చూడటం సాధారణ ధర్మం. లుప్తోపమ. మాట్లాడినవాడు పోలిక చెప్పాడు. చారిత్రక ప్రతిపాదన చేయలేదు. పోలికను ప్రతిపాదనగా చదవడం అతని అజ్ఞానం కాదు. చదివినవారి సంగతి ఏమనాలో పాఠకులే నిర్ణయించాలి.

సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) ఈ ప్రాంతానికి ఒక విధంగా సొంత సినిమా. కాలయంత్రం ఎక్కిన వర్తమానపు యువతీయువకులు శ్రీకృష్ణదేవరాయల విజయనగరంలో దిగుతారు. అక్కడ తెనాలి రామకృష్ణుడు ఉంటాడు. తరువాత 2504వ సంవత్సరపు శిథిల ప్రపంచాన్ని చూస్తారు. ఎచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవల నుంచి బయలుదేరిన ఊహ జంధ్యాల సంభాషణల దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తెలుగుదయింది. పండితుడు ఈ సినిమాను ఎలా తప్పుపడతాడో ఊహించవచ్చు. పాండురంగ మాహాత్మ్య కర్త రాయల ఆస్థానంలో ఉన్నాడా, తరువాతి కాలంవాడా అన్న చర్చ మన సాహిత్య చరిత్రలో ఉన్నది. తరువాతివాడన్న పక్షానికి బలమైన ఆధారాలే ఉన్నాయి. కనుక సినిమాలో కాలదోషం ఉన్నదని నిర్ధారణ. కాలాన్నే అటూ ఇటూ తిప్పే యంత్రం కథలో కాలదోషం పట్టడం ఎంత సరదా అయిన పనో పక్కన పెడదాం.

సామాన్యుడు అడిగే ప్రశ్న వేరు. గతానికి వెళ్ళి అక్కడ ఏదైనా మార్చేస్తే, వెళ్ళినవాడు ఇప్పుడు ఎలా ఉంటాడు? అక్కడ జరగబోయేది వీడికి ముందే తెలుసు కదా, మరి ఎందుకు ఇరుక్కున్నాడు? యంత్రం వెనక్కి రాగలిగినప్పుడు ఇంకొంచెం ముందుకే వచ్చి దిగవచ్చు కదా? కాలయాన కథలను చర్చించే తత్త్వవేత్తలు పుస్తకాలు రాసిన సమస్యలే ఇవి. ఆ పుస్తకాలు చదవకుండా ఆ ప్రశ్నలకు చేరుకున్నవారు తమ దారిన తాము చేరుకున్నారు.

ఆ దారి ఏదో ఈ ప్రాంతంలో వెతకడం కష్టం కాదు. తెనాలివారైన చక్రపాణి 1947లో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ మొదలుపెట్టారు. తెనాలిలోనే 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు ఆ పత్రిక భారాన్ని మోశారు. సినిమా మీద, విజ్ఞానశాస్త్రం మీద కూడా విరివిగా వ్యాసాలు రాశారు. ఆ పత్రికలోని బేతాళ కథ ఎప్పుడూ ఒక ప్రశ్నతో ఆగుతుంది: ఫలానావాడు అలా ఎందుకు చేశాడు, అది అతని స్వభావానికి విరుద్ధం కాదా? మాట్లాడేది శవంలోని బేతాళుడు. అడిగేది మాత్రం అచ్చమైన కార్యకారణ ప్రశ్న. చెట్టుమీది శవం మాట్లాడటం గురించి పిల్లలు సందేహపడలేదు. జవాబు పొంతన లేకుండా ఉంటే సందేహపడ్డారు. అద్భుతాన్ని ఒప్పుకుని అసంబద్ధతను ఒప్పుకోని పాఠకులను కొన్ని దశాబ్దాలపాటు తయారుచేసిన పాఠశాల అది. ఆ పాఠశాల విద్యార్థులే తరువాత హాళ్ళలో కూర్చున్నారు.

అభినవగుప్తుడు రససూత్ర వ్యాఖ్యలో ఏడు రసవిఘ్నాలను చెప్పాడు. మొదటిది సంభావనా విరహం: జరుగుతున్నది జరగగలదని తోచకపోతే మనసు అక్కడ నిలవదు, నిలవనిచోట రసం లేదు. ‘అదెలా కుదురుద్ది?’ అన్న తెనాలి ప్రశ్నకు ఇంతకంటే సూటి అయిన శాస్త్రీయ నామం నాకు దొరకలేదు. ఆ విఘ్నానికి ఆయన చెప్పిన పరిహారం మరీ గమనించదగినది. సముద్రాన్ని దాటడం వంటి లోకోత్తర కార్యాలను చూపేటప్పుడు రాముని వంటి ప్రసిద్ధ పాత్రలను తీసుకోవాలి. చిరకాల ప్రసిద్ధి వల్ల నాటుకున్న నమ్మకం ప్రేక్షకుని మనసుకు ఆసరా అవుతుంది.

తెలుగు విజ్ఞాన కల్పనా చిత్రాన్ని ఈ ఒక్క సూత్రంతో చదివి చూడండి. ‘ఆదిత్య 369’ కాలయంత్రానికి ఆసరా రాయలు, రామకృష్ణుడు. 2024లో వచ్చిన నాగ్ అశ్విన్ చిత్రం ‘కల్కి 2898 ఏడీ’ భవిష్యత్తుకు ఆసరా అశ్వత్థామ. ఆ సినిమా విడుదలైన రోజుల్లో మొదట నెమ్మదిగా ఉందని, అశ్వత్థామ వచ్చాక లేచిందని చెప్పుకున్నవారు ఎందరో. ‘లేచింది’ అన్న క్రియకు నేను అభినవగుప్తుని వ్యాఖ్యానం రాయగలను. నగరాల నమూనాలు, వాహనాలు, ఆయుధాలు ఎంత ఖర్చుతో కట్టినా సంభావన కుదరక కూర్చుని ఉన్న మనసు, చావులేని ఒక ముసలి యోధుని పేరు వినగానే కుదుటపడింది. భారతం అతనికి ఆ శాపాన్ని ఎప్పుడో ఇచ్చింది. ప్రేక్షకుడు దాన్ని ఎప్పుడో నమ్మాడు. అటువంటి ప్రసిద్ధ పాత్ర ఆసరా తీసుకోకుండా అంతరిక్షయానాన్ని కథగా చేసిన సంకల్ప్ రెడ్డి ‘అంతరిక్షం 9000 కెఎంపీహెచ్’ (2018) గురించి మామూలు ప్రేక్షకులు ఏమన్నారో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సూత్రం ఎంతవరకు నిలుస్తుందో తేలుతుంది. అదీ పరిశోధన. దానికి కావలసిన సామగ్రి ఏ గ్రంథాలయంలోనూ లేదు, ఎందుకంటే దాన్ని సేకరించదగినదిగా మనం భావించలేదు.

టీవీ భాగాలు

సినిమా సంగతి ఇలా ఉంటే టీవీ ధారావాహికలది మరీ అన్యాయం. 1980లలో దూరదర్శన్ ‘స్టార్ ట్రెక్’ ప్రసారం చేసింది. 1990ల చివర ‘శక్తిమాన్’, కేతన్ మెహతా ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చాయి. ఇవి తెలుగులో రాలేదు. డెల్టా పల్లెల్లో వీటిని చూసినవారిలో అధికులకు ఆ ఇంగ్లీషు, ఆ హిందీ పూర్తిగా అర్థమయ్యేవి కావు. వీధికి ఒకటి రెండు టీవీలున్న రోజుల్లో ఒకే గదిలో పదిమంది కూర్చుని చూసేవారు. భాష కొంచెం వచ్చినవారు ఎవరో ఒకరు మధ్యమధ్య అర్థం చెప్పేవారు. పురాణం చదివేవాడు ఒకడు, అర్థం చెప్పేవాడు ఒకడు ఉండే ఏర్పాటు మనకు పాతదే కనుక ఇందులో ఎవరికీ వింత తోచలేదు. చెప్పేవాడు తనకు తెలియనిచోట కల్పించేవాడు. తరువాతి వారం భాగం ఆ కల్పనకు అడ్డం తిరిగితే, తప్పు భాగానిదే అయ్యేది. ఒక్కొక్క భాగానికి ఆ గదుల్లో ఎన్ని తెలుగు కథలు పుట్టి ఉంటాయో! అనువాద అధ్యయనాలని మనం కొత్తగా పీఠాలు పెట్టుకుంటున్నాం. వాటికి ఇంతకంటే మంచి వస్తువు ఏది?

ఇతర దేశాల్లో ఈ పని జరిగింది. ఈయన్ ఆంగ్ ‘డల్లాస్’ ధారావాహిక గురించి నెదర్లాండ్స్‌లోని ఒక మహిళా పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చారు. మామూలు ప్రేక్షకుల నుంచి 42 ఉత్తరాలు వచ్చాయి. వాటిని శాతాలుగా మార్చలేదు. సాహిత్య పాఠాన్ని చదివినట్టు, పైకి అన్నదాన్నీ అనకుండా వదిలినదాన్నీ చదివారు. ఆ చిన్న గ్రంథం ఇవాళ మాధ్యమ అధ్యయనాల్లో పునాదిరాయి. టల్లక్, జెన్కిన్స్ 1995లో ప్రకటించిన ‘సైన్స్ ఫిక్షన్ ఆడియన్సెస్’ గ్రంథం ‘డాక్టర్ హూ’, ‘స్టార్ ట్రెక్’ ప్రేక్షకులను పరిశీలిస్తూ, వీరాభిమానులను ఒక వర్గంగానూ, ఊరికే క్రమంగా చూసేవారిని మరొక వర్గంగానూ విడదీసి రెండో వర్గం మాటకూ చోటిచ్చింది. 42 ఉత్తరాలతో ఒక శాస్త్రశాఖ కదిలింది. మన ప్రశ్నావళుల్లో వందల సంఖ్యలుంటాయి. ఒక్క మనిషి గొంతూ వినిపించదు.

ఆక్షేపణలు

ఈ మాట ఇంతకుముందు సభల్లో అన్నప్పుడు వచ్చిన ఆక్షేపణలు ప్రధానంగా మూడు. ఈ అభిప్రాయాలు నిలకడలేనివన్నది ఒకటి. హాలు బయట ఒక మాట, మరునాడు పసుపు ఉడకబెట్టే కొప్పెర దగ్గర మరొక మాట, నెల తిరిగాక ఇంకొకటి. నిజమే. దీన్ని తెలుగు శాఖ పాఠాంతరం అంటుంది. పాఠాంతరాలు ఉన్నాయని తాళపత్రాలను ఎవరూ పారవేయలేదు. బిరుదురాజు రామరాజు 1950లలో జానపద గేయాల మీద పరిశోధనకు పూనుకున్నప్పుడూ, అంతకుముందు గిడుగు రామమూర్తి జనం నోటి భాషకు వ్యాకరణం ఉన్నదన్నప్పుడూ ఇదే నిలకడ ప్రశ్న ఎదురైంది. వారిద్దరి పటాలు మన శాఖల గోడల మీద ఉన్నాయి.

ఈ అభిప్రాయాలు నిష్పాక్షికం కావన్నది మరొకటి. కులం, ఊరు, తారాభిమానం, రాజకీయం – గుంటూరు సీమలో ఇవి లేకుండా సినిమా మాట ఉండదని అంటారు. ఇదీ నిజమే, నేను తగ్గించి చెప్పను. కాని పక్షపాతం ఉన్న పాఠాన్ని చదవడం మనకు చేతకానిదా? ప్రబంధాల కృత్యాదుల్లో పోషకుని వంశవర్ణన చదువుతూనే కావ్యగుణం తూచడం నేర్చుకున్నవాళ్ళం. పక్షపాతాన్ని సాకుగా చూపి పాఠాన్నే పక్కకు పెట్టడం ఒక్క సామాన్యుని విషయంలోనే జరుగుతున్నది. పైగా విజ్ఞాన కల్పనలో ఒక సౌలభ్యం ఉన్నది. ఎంత వీరాభిమాని అయినా యంత్రం నియమం తప్పితే కాసేపు అభిమానాన్ని పక్కన పెట్టి ‘అక్కడ మాత్రం ఏదో తేడా కొట్టింది’ అంటాడు. ఆ ‘మాత్రం’ దగ్గర విమర్శ మొదలవుతుంది.

మూడవ ఆక్షేపణను ఎవరూ నా ఎదుట అనలేదు, అనవలసింది. సామాన్య ప్రేక్షకుడు అన్నప్పుడల్లా మన మనసులో కూర్చుని ఉన్నది ఒక మగవాడు. టీకొట్టు, రచ్చబండ, బస్టాండు – నేను పైన చెప్పిన చోట్లు కూడా దాదాపు మగవారివే. టూరింగ్ టాకీసుల కాలంలో ఆడవారికి విడిగా కూర్చునే చోటు ఉండేది. అక్కడ పుట్టిన మాట ఇటువైపు వినపడలేదు. ‘మాయాబజార్’లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు చేసే ఆగడాలకు అటువైపు ఎవరు ఎందుకు నవ్వారో, పెళ్ళికూతురు పెళ్ళికొడుకు కాలు తొక్కడం వారికి ఏ అద్భుతంగా తోచిందో మగ పరిశోధకుడు ప్రశ్నావళి పట్టుకుని వెళ్ళి తెలుసుకోలేడు. అరటి ఆకులు కోసేచోట, పసుపు కొమ్ములు ఏరేచోట ఆ మాట ఇప్పటికీ నడుస్తూ ఉంటుంది. దాన్ని వినగలిగిన విద్యార్థినులు మన తరగతుల్లో ఉన్నారు. వారికి మనం ఇస్తున్న అంశం ‘ఫలానా కవి సినీగీతాలు – సాహిత్య విలువలు’.

‘మాయాబజార్’ను మొదటి విడుదలలో పదేళ్ళ వయసులో చూసినవారు ఇవాళ ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. ‘ఆదిత్య 369’ను కాలేజీ రోజుల్లో చూసినవారికి యాభై దాటింది. దూరదర్శన్ గదిలో అర్థం చెప్పినవారు ఉద్యోగ విరమణ దగ్గరికి వచ్చారు. సేకరణకు పెద్ద నిధులు అక్కరలేదు. అభిప్రాయాన్ని అన్నది అన్నట్టుగా, ‘కుదురుద్ది’ని ‘కుదురుతుంది’గా దిద్దకుండా రాయాలి. ఎవరి మాటకు జవాబుగా అన్నారో, అక్కడ ఎవరెవరున్నారో, ఆటకు ఎలా వెళ్ళి ఎలా వచ్చారో, టిక్కెట్టు నేలా, బెంచీనా, కుర్చీనా పక్కన గుర్తించాలి. అడగకూడని ప్రశ్న ఒక్కటే: ‘ఈ చిత్రానికి మీరు అయిదుకు ఎన్ని మార్కులు వేస్తారు?’ అది అడిగితే జవాబుగా ‘పర్లేదు’ అంటారు. దాన్ని మనవాళ్ళు మూడుగా నమోదు చేసుకుంటారు. సాగదీసి అన్న ‘పర్లేదు’ ఒకటి, భుజం ఎగరేసి అన్నది ఇంకొకటి, పక్కవాడు బాగాలేదన్నాక అతన్ని ఆపడానికి అన్నది వేరొకటి. మూడవదానికి నేను అయిదుకు నాలుగు వేస్తాను.